ముడుచుకోని బూరగాళ్ళు

నేను వీధిలోకి వస్తే మా లంకలపాడులో జనం చెప్పులు లోపల పెట్టుకుంటారు. గొడుగు ఇస్తే విప్పి చూసుకుంటారు. లడ్డూ ఇస్తే సగం ముందు నాకే తినిపిస్తారు. ఈ గౌరవం ఊరికే రాలేదు, ముప్ఫై ఏళ్ళ కష్టం. ఇలాంటి బుల్లబ్బాయిని, ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గరే చదువు ఆగిపోయినవాణ్ణి, మా అక్క కూతురు హైమ తన ల్యాబులో పనికి పెట్టుకుందంటే మేనమామ మీద ప్రేమైనా అయ్యుండాలి, మతి పోయైనా ఉండాలి.

పని పెద్దదేం కాదు. మోటారుసైకిలు మీద తిరిగి రొయ్యల చెరువుల నీళ్ళు సీసాల్లో పట్టి తేవాలి. చేతికి గ్లవ్స్ లేకుండా నీళ్ళు ముట్టుకుంటే ఆ రోజు భోజనం లేదని హైమ రూలు. ఆ నీళ్ళని లెన్సు కింద పెట్టి, అందులో ఏ జీవులున్నాయో గుర్తుపట్టి, చెరువు ఆరోగ్యం ఎలా ఉందో రైతులకు చెబుతుంది. ఒళ్ళంతా కనురెప్ప వెంట్రుకల్లాంటి నూగుతో ఈదే జీవులవి. ఆ నూగుని శైలికలు అంటారట. వాటిలోనే వందల రకాలు. వాటి అసలు పేర్లకు నా నోరు తిరగదు. అందుకని మన పేర్లు పెట్టాను. చెప్పు ఆకారంలో దొర్లుకుంటూ పోయేవాడు చెప్పుగాడు. కాడకు వేలాడేది గంటమ్మ. బూరలాగా నోరు బార్లా తెరుచుకుని నిలబడేవాడు బూరగాడు.

"మామయ్యా, రిపోర్టులో చెప్పుగాడు అని రాయలేను" అనేది హైమ.

"రాయి. రైతుకి అదే అర్థమవుద్ది" అనేవాణ్ణి.

ఒకరోజు నన్ను పిలిచి గిన్నెలో మంచినీళ్ళు పెట్టి వేలు ముంచమంది. ఆ నీటి చుక్క ఒకటి తీసి బూరగాళ్ళ మీద వేసింది. అందరూ ఒక్కసారిగా ముడుచుకుని ఉండలైపోయారు.

"నిన్ను చూసి భయపడ్డారు" అంది.

"ఊరంతా అంతే కదమ్మా."

నవ్వలేదు. రోజూ అదే పని చేయించింది. పదకొండో రోజున నా చుక్క పడితే బూరగాళ్ళు కదల్లేదు. హాయిగా నోళ్ళు తెరుచుకునే ఉన్నారు. అప్పుడు మా అక్క తాయారమ్మ చేత వేలు ముంచించి ఆ చుక్క వేసింది. టక్కున ముడుచుకున్నారు. అంటే వాళ్ళు మనిషి చెమటని గుర్తుపెట్టుకుంటున్నారు. అలవాటైన చెయ్యికి భయపడరు, కొత్త చెయ్యికి ముడుచుకుంటారు. బూరగాడు చీలి ఇద్దరైతే ఆ ఇద్దరికీ గుర్తే. నలభై రోజుల దాకా ఆ గుర్తు పోదు.

హైమ ఆర్నెల్లు తలుపేసుకుని దానికో పెట్టె తయారుచేసింది. లోపల లెన్సు, కెమెరా, చిన్న కంప్యూటరు. చెరువు నీళ్ళు ఒక గొట్టంలో, మనిషి చేతి నీళ్ళు ఒక గొట్టంలో పోస్తే, నూటికి ఎంతమంది ముడుచుకున్నారో లెక్క చెబుతుంది. నేను దానికి సాక్షి పెట్టె అని పేరు పెట్టాను. ఆ పేరే కొంప ముంచింది. సాక్షి ఉందంటే జనానికి తగువు కావాలి కదా. కోడలు పాలల్లో నీళ్ళు కలుపుతోందని ఒక అత్తగారు, మంచినీళ్ళ కుండలో ఎవరో చెయ్యి పెట్టారని ఒక మొగుడు, సీసాలు పట్టుకుని ల్యాబు ముందు నిలబడ్డారు. హైమ అందరినీ వెనక్కి పంపింది. వెళ్ళేవాళ్ళు ఒకళ్ళ చేతుల వంక ఒకళ్ళు చూసుకుంటూ వెళ్ళేవాళ్ళు.

ఆ రోజుల్లోనే ఒక శనివారం నా చేతులు దురద పెట్టాయి. వారం రోజులుగా ఎవరినీ ఏడిపించలేదు. హైమకు ముప్ఫై ఒకటి నిండాయి, పెళ్ళి మాటెత్తితే లెన్సులోకి తల దూరుస్తుంది. మా బావ సూరిబాబుకు అదే దిగులు. కొత్త నంబరు నుంచి బావకు ఫోను చేసి, గొంతు మార్చి, "మేం పెళ్ళికొడుకు తాలూకు అండి. మీ అమ్మాయి గురించి విన్నాం. తెల్లవారుజామున నాలుగింటి బండికి ఆకివీడు స్టేషన్లో దిగుతున్నాం" అన్నాను.

బావ సాధారణంగా తన చెరువు గట్టు మీద పాకలోనే పడుకుంటాడు. ఆ రోజు మాత్రం పాక వదిలి, తెల్ల పంచె కట్టుకుని, ఫ్లాస్కు నిండా కాఫీ పోయించుకుని మూడున్నరకే స్టేషనుకు పోయాడు. వచ్చిన ప్రతి బండి దగ్గరా పెద్దమనుషుల్లా కనిపించినవాళ్ళని "మీరేనాండీ?" అని అడిగాడట. తొమ్మిదింటికి ఇంటికొచ్చేసరికి నేను అరుగు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. బావకు అర్థమైపోయింది. తిట్టలేదు.

"కాఫీ చల్లారిపోయింది. తాగుతావేంట్రా బామ్మర్దీ?" అన్నాడంతే.

నేను ఆ చల్లటి కాఫీ తాగుతుండగానే వీధిలో కేక వినపడింది. అబ్బులు చెరువు పోయిందని.

వెళ్ళి చూస్తే నీళ్ళ అంచు పొడవునా రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. ఇంకో పదిహేను రోజుల్లో పట్టుబడికి వచ్చే సరుకు. అబ్బులు గట్టు మీద చతికిలబడ్డాడు. నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు మాత్రం ఏం జరగనట్టు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. జనరేటరు పక్కన ఒక ఖాళీ గోనె దొరికింది. దాని మీద మైలుతుత్తం అని అచ్చు ఉంది. నాచు చావడానికి చెరువుల్లో చిటికెడు చల్లే నీలం మందు. ఎక్కువైతే రొయ్యా ఉండదు, చేపా ఉండదు.

"కరెంటు పోయిందేమో అబ్బులూ, గాలి చాలక పోయాయేమో" అన్నారెవరో.

"నాలుగింటి నుంచి గంటన్నర పోయిందంట. అయితే ఏంటి? నాది ఆటోమేటిక్కు. కరెంటు పోతే జనరేటరు దానంతటదే లేత్తాది. రెండేళ్ళుగా ఒక్కరోజు తప్పింది లేదు. కాపలావోణ్ణి కూడా మానిపించేశాను" అన్నాడు అబ్బులు. ఆ ఆటోమేటిక్కు గురించి అతను చెప్పని మనిషి మండలంలో లేడు. "ఇది చెయ్యి పని. ఎవడి చెయ్యో తేలాలి."

ఆ మాట అంటూ పక్క చెరువు వైపు చూశాడు. పక్క చెరువు మా బావది.

బావా అబ్బులూ ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళు. మూడేళ్ళ కింద మురుగుకాలువ దగ్గర మాటా మాటా పెరిగింది. సంఘం పెద్దల ముందు అబ్బులు "నా గట్టు తొక్కనని ఒట్టెయ్యి" అంటే, బావ కోపంలో హైమని పిలిచి దాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మా వైపు పిల్ల మీద ఒట్టంటే తప్పితే ఆ పిల్లకే చుట్టుకుంటుందని నమ్మకం. ఆ రోజు మా అక్క బావతో మాట్లాడలేదు. అప్పటి నుంచీ వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

సాయంత్రానికి చెరువుల సంఘం ప్రెసిడెంటు ల్యాబుకు వచ్చాడు. "అమ్మాయ్, నీ పెట్టెతో తేల్చు. అబ్బులుతో కలిపి ఇక్కడి చెరువులోళ్ళు పదకొండు మంది. అందరి చేతులూ కడిగించి చూద్దాం."

"అది ఒక్కసారి ముంచిన చెయ్యిని పట్టుకోలేదండీ. మళ్ళీ మళ్ళీ వచ్చిన చెయ్యినే గుర్తుపడుతుంది" అంది హైమ.

"విషం పెట్టేవోడు ముందు పదిసార్లొచ్చి చూసుకునే పెడతాడు. నువ్వు చెయ్యనన్నావనుకో, నాన్న తప్పు దాత్తందంటారు. ఆపైన నీ ఇష్టం."

హైమ పెదవి కొరుక్కుని ఒప్పుకుంది. నీళ్ళలో మందు ఉందో లేదో చూడమని ఒక సీసా పట్నం ల్యాబుకు కూడా పంపింది గానీ, ఆ జవాబు రావడానికి పదిహేను రోజులు. సంఘానికి అంత ఓపిక లేదు.

సోమవారం పొద్దున్న ల్యాబు వరండాలో పదకొండు సీసాలు వరసగా పెట్టారు. అబ్బులు సీసా కూడా ఉంది, పెట్టె సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియాలి కదా. ఎవరూ ఎవరి మొహం చూడట్లేదు. అంత బిగుసుకుపోయిన జనాన్ని చూస్తే నేను ఊరుకోలేను. హైమ లోపలికి వెళ్ళిన సందులో బావ సీసా మీద చీటీని, అబ్బులు సీసా మీద చీటీని మార్చేశాను. అబ్బులు పేరు దగ్గరికి వచ్చేసరికి సొంత చెరువు బూరగాళ్ళే అతన్ని చూసి ముడుచుకుంటారు. మొహం చూసి ఓ నిమిషం నవ్వుకుని, అసలు సంగతి చెప్పేద్దామని నా ఊహ.

తొమ్మిది మందికి బూరగాళ్ళు ముడుచుకున్నారు. అబ్బులు పేరున్న సీసాకు ముడుచుకోలేదు. నాకు అర్థం కాలేదు. తర్వాత బావ పేరున్న సీసా. దానికీ ముడుచుకోలేదు.

నవ్వడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. నేను మార్చింది ఆ రెండు సీసాలే. రెండిటికీ ముడుచుకోలేదంటే చీటీలు ఎటు ఉన్నా ఒకటే. బావ చెయ్యి ఆ చెరువుకు బాగా అలవాటైన చెయ్యి. ఒట్టేసి తొక్కనన్న గట్టు తొక్కాడు, ఒకసారి కాదు, చాలాసార్లు.

"ఏం సూరిబాబూ, ఏమంటావు?" అన్నాడు ప్రెసిడెంటు.

బావ తల ఎత్తలేదు. "ఏమనను" అన్నాడు.

"శుక్రవారం దాకా టైము. ఏ సంగతీ చెప్పకపోతే నీ చెరువు తూము మూసేత్తాం." తూము మూస్తే కాలువ నీళ్ళు రావు. నీళ్ళు లేకపోతే చెరువు లేదు. బావకు ఆ చెరువు తప్ప ఇంకో పని తెలీదు.

జనం వెళ్ళాక హైమ రెండు సీసాలూ బోర్లించి నాకు చూపించింది. అడుగున గోళ్ళరంగుతో ఒకదాని మీద 'సూ', ఒకదాని మీద 'అ' అని రాసుకుంది. "నువ్వు మారుస్తావని తెలుసు మామయ్యా. వెంటనే సరిచేశాను." సీసాలు పక్కన పెట్టింది. "నువ్వు మార్చడం వల్లే అలా వచ్చిందని తేలితే బావుణ్ణనిపించింది. నా పెట్టెతో నేనే మా నాన్నని..."

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో అన్నాలు వడ్డించి అక్క అడిగింది, "పిల్ల నెత్తిన చెయ్యి పెట్టావు. తొక్కావా ఆ గట్టు?" బావ అన్నంలో వేలు పెట్టి తిప్పాడు, తిప్పాడు, లేచి చెరువుకు పోయాడు. ఆ రాత్రి నుంచి అక్క హైమ పక్కనే పడుకుంది, నిద్రలో దానికేమైనా అవుతుందేమోనని.

నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా చూస్తున్న బావ. చల్లారిన కాఫీ ఇచ్చిన బావ. ఆ ఆదివారం నేను పంపిన మాట నిజమే, స్టేషనుకు పోయిన మాట నిజమే, కానీ పోతూ పోతూ ఏం చేశాడో ఎవరు చూశారు? కూర్చున్నా నిలబడ్డా అతని చేతులే కనిపించేవి. రేకు మీద మసిలాగా ఆ వేళ్ళ సందుల్లో ఎప్పుడూ నల్లటి నూనె మరక ఉంటుందని మొదటిసారి గమనించాను. అతని చెరువులో కరెంటు మోటారే. రొయ్యపిల్లని పల్చగా వేస్తాడు గనక రెండు గంటలు కరెంటు లేకపోయినా చెరువుకేం కాదు, జనరేటరే పెట్టలేదు. నూనె ఎక్కడిది?

గురువారం ల్యాబులో ఊరికే కూర్చోలేక లెన్సులో కన్ను పెట్టాను. చెరువు పోయిన రోజు పైన పట్టి మూత బిగించి ఉంచిన నీళ్ళే. బూరగాళ్ళు ఎప్పటిలాగే నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

"అమ్మాయ్, రొయ్యలన్నీ పోయాయి కదా. ఈళ్ళేంటి, తిని పడుకున్న అల్లుళ్ళలాగ ఉన్నారు?"

"అంటే?"

"మైలుతుత్తం పడితే ఈళ్ళకేం అవ్వదా?"

హైమ నా వంక చూసింది. అలమారలోంచి నీలం పలుకు ఒకటి తీసి నీళ్ళలో కరిగించి చుక్క వేసింది. బూరగాళ్ళు ముడుచుకున్నారు, మళ్ళీ విప్పుకోలేదు. ఒంటి నూగు ఆగిపోయింది. కాసేపటికి పగిలి నీళ్ళయ్యారు.

"రొయ్య కంటే ముందు వీళ్ళే పోతారు" అంది మెల్లగా. "మందు పడి ఉంటే సోమవారం పరీక్షకు వీళ్ళసలు మిగిలేవాళ్ళే కాదు. నాలుగు రోజులుగా ముడుచుకున్నారా లేదా అనే చూశాను గానీ, బతికి ఎందుకున్నారని చూడలేదు."

కొత్త చుక్క పెట్టి ఈసారి పెట్టెను ముట్టుకోకుండా, పాత పద్ధతిలో ఒక్కొక్క జీవినీ గుర్తుపడుతూ కాగితం మీద రాసుకుంది. నన్ను పిలిచి చూపించింది. మెడ మెలితిప్పినట్టు వంకర తిరిగి పోతున్నవాళ్ళు కొందరున్నారు.

"వీణ్ణి ఎప్పుడైనా పై నీళ్ళలో చూశావా?"

"లేదు. ఈ వంకరగాడెవడు?"

"అడుగున నల్లబురదలో ఉంటాడు. గాలి తగిలితే చస్తాడు. పై నీళ్ళలో గాలి అసలు లేనప్పుడే పైకొస్తాడు." కాగితం మడిచింది. "ఆ రోజు ఎవరూ మందు వెయ్యలేదు మామయ్యా. గాలి లేక పోయాయి రొయ్యలు."

"మరి ఆటోమేటిక్కు?"

ప్రెసిడెంటునీ అబ్బులునీ చెరువు దగ్గరికి పిలిచాం. నీళ్ళింకా తీయలేదు, ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. పట్టపగలు, పదకొండు దాటింది. హైమ మెయిన్ స్విచ్చి ఆపమంది.

"ఆపితే ఏమవుద్ది? నిమిషంలో లేత్తాది జనరేటరు" అంటూ ఆపాడు అబ్బులు.

ఏరేటర్లు ఆగిపోయాయి. నిమిషం అయింది. రెండు నిమిషాలు అయ్యాయి. జనరేటరు ఉలకలేదు, పలకలేదు. అబ్బులు వెళ్ళి దాని మీద రెండు దెబ్బలు వేశాడు.

"రెండేళ్ళు పనిచేసిందే ఇది."

అప్పుడు పక్క చెరువు పాకలోంచి బావ బయటికొచ్చాడు. మమ్మల్ని చూడలేదు. ఏరేటర్ల చప్పుడు ఆగిపోవడమే విన్నాడు. తుండు భుజాన వేసుకుని పరుగున కాలువ దాటి, అబ్బులు గట్టెక్కి, చెట్ల పక్కనుంచి తిన్నగా జనరేటరు దగ్గరికి వచ్చాడు. మోకాళ్ళ కింద వేసుకోడానికి చేత్తో దేనికోసమో తడిమాడు, సంఘం వాళ్ళు పట్టుకుపోయిన ఆ పాత గోనె దొరకలేదు, బురదలోనే మోకరించి హేండిలు తిప్పాడు. మూడో తిప్పుకు ఇంజను అందుకుంది. తిరిగి లేచి, చెయ్యి నీళ్ళలో కడుక్కుని, అలవాటు కొద్దీ మేత పళ్ళెం పైకెత్తి రొయ్యలు ఎలా ఉన్నాయో చూడబోయి, ఖాళీ పళ్ళెం చూశాక ఆగిపోయాడు. అప్పుడు మేం కనిపించాం.

ముందుగా తేరుకున్నది అబ్బులు.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"నువ్వది పెట్టించిన మూడో రోజు నుంచి" అన్నాడు బావ. "కరెంటు పోయింది, నీ ఇంజను చప్పుడు వినపళ్ళేదు. ఎలా పడుకోను?"

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే గట్టు తొక్కాననే కదా. పిల్ల మీద ఒట్టు." హైమ వైపు చూడలేక నీళ్ళ వైపు చూశాడు.

"రెండేళ్ళు తొక్కావు కదా నాన్నా" అంది హైమ. "నాకేమైంది? జలుబు కూడా చెయ్యలేదు."

అబ్బులు బురదలో దిగి బావ పక్కన నిలబడ్డాడు. బావని అడిగాడు, "మరి ఆదివారం ఏమైపోయావురా?"

బావ తుండుతో చేతులు తుడుచుకున్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు. అతను చెప్పడని నాకు తెలుసు. తూము మూసేస్తామన్నా ఒట్టు సంగతి దాచినవాడు, ఇదీ దాచేస్తాడు. నేను నోరు మూసుకుంటే తప్పు కరెంటు వాళ్ళ మీదికి పోతుంది, లేదా ఆ ఇంజను మీదికి.

"ఆకివీడు స్టేషన్లో ఉన్నాడు" అన్నాను. "పెళ్ళివారొస్తారని. ఫోను చేసింది నేను."

నా జీవితంలో చెప్పిన మాటను వెంటనే, అనుమానం లేకుండా అందరూ నమ్మింది అదే మొదటిసారి. అబ్బులు నన్ను కొట్టి ఉంటే బావుండేది. కొట్టలేదు. చెరువు వైపు తిరిగి, "ఫోన్లో గొంతు బాగా మార్చావా?" అని అడిగాడు.

నీళ్ళలో మందు లేదని పట్నం ల్యాబు నుంచి జవాబు వచ్చిన రోజే హైమ సాక్షి పెట్టెకు గుడ్డ కప్పి పైన అటకెక్కించింది. "అది ఎవరి చెయ్యో చెబుతుంది మామయ్యా. ఆ చెయ్యి ఏం చేసిందో చెప్పదు" అంది. మళ్ళీ పాత లెన్సుకే వచ్చింది. మళ్ళీ చెప్పుగాళ్ళూ, గంటమ్మలూ.

అబ్బులు చెరువు ఎండగట్టి, కొత్త నీళ్ళు పెట్టి, కొత్త రొయ్యపిల్ల వేశాడు. ఆటోమేటిక్కు బాగుచేయిస్తానన్నాడు. వద్దన్నాను. గట్టు మీద పాక వేసుకున్నాను. జీతం లేదు, అడగలేదు. కరెంటు పోతే లేచి హేండిలు తిప్పి, చెయ్యి కడుక్కుని, మేత పళ్ళెం ఎత్తి చూసి పడుకుంటాను. మొదట్లో అబ్బులు తెల్లవారుజామునే వచ్చి చెట్టు చాటునుంచి చూసిపోయేవాడు. నేను చూడనట్టు ఉండేవాణ్ణి. నెల రోజులకు రావడం మానేశాడు. బావ మాత్రం తన పాకలో లేచి, నా ఇంజను చప్పుడు వినపడేదాకా కూర్చుని, విన్నాక పడుకునేవాడు. అతని లాంతరు ఆరిపోవడం నాకు కనిపించేది.

డెబ్భై రోజులైంది. నిన్న హైమ అటక మీంచి పెట్టె దింపించి, అబ్బులు చెరువు నీళ్ళు తెప్పించి, నన్ను గ్లవ్స్ లేకుండా వేలు ముంచమంది. "ఒక్కసారే. మళ్ళీ దీన్ని దింపను" అంది. బావ వేలు కూడా ముంచాడు. ముందు బావ చుక్క వేసింది. పాత నీళ్ళు పోయాయి, పాత బూరగాళ్ళు పోయారు. కొత్తవాళ్ళు అతన్ని చూసి ముడుచుకున్నారు. బావ నవ్వుకున్నాడు.

తర్వాత నా చుక్క. నేను కన్ను మూసుకున్నాను.

"చూడు" అంది.

చూశాను. అందరూ నోళ్ళు తెరుచుకునే ఉన్నారు. ఒక్కడు, వెనక మూల ఉన్నవాడు, కొంచెం ఆలోచించినట్టు కదిలి, వాడూ ఊరుకున్నాడు.

నేను హైమ మొహం చూశాను. బావ మొహం చూశాను. ఇద్దరూ మరీ అమాయకంగా ఉన్నారు. ఎవర్ని నమ్ముతాం. ఆ చుక్క తీసిన సీసా బోర్లించి, బుల్లబ్బాయిదేనా అని అడుగు చూశాను.

గోళ్ళరంగుతో 'బు' అని ఉంది.